నల్లా దినం

మళ్ళీ పోయింది.
తెర నల్లగయ్యి, లోపల ఫ్యాను ఒక్క నిట్టూర్పు ఇడిసి,
ఏమెరుగనట్టు మళ్ళీ మొదటి సంది
పేరు అడుగుతది, పాస్‌వర్డ్ అడుగుతది.
సగం వాక్యం మింగి మూతి తుడుసుకున్న పిల్లి లెక్క
చుక్కలు గుండ్రంగ తిప్పుకుంట కూసుంటది.

పక్క కుర్చీల ఏసుదాసు గారు.
లాలాగూడ వర్క్‌షాపుల ముప్ఫై ఆరేండ్లు ఫిట్టరు.
బతుకంత మూడు రూళ్ళ నోటుబుక్కులల్ల రాసుకున్నడు,
పేజీకి పదిహేను రూపాయలకు నేను టైపు చేస్తున్న.
చేతిరాత తెలవనికాడ నోటితో చెప్తడు.
"ఏడిదాంక వచ్చినం?" అంటడు.
ఏమని చెప్పాలె.

ముందుగాల ర్యామును అనుమానించిన.
డబ్బాను పండవెట్టి పక్క రేకు ఊడదీస్తే
పాత అద్దింటి దుమ్ము, బల్లిగుడ్డు పెంకు ఒకటి,
నా బిడ్డ ఎన్నడో పోగొట్టుకున్న చెవి కమ్మ.
పచ్చ పలక గుంజి దాని బంగారు పండ్లను
బిడ్డ రబ్బరుతోనే రుద్దిన.
కమ్మ దొరికిందని పిల్ల ఎగిరింది.
మిషన్ మాత్రం పావుగంటకే పడ్డది.

వైరస్ అన్నరు. అంత తుడిసి కొత్తగ ఎక్కించిన.
వేడి అన్నరు. ఎండిన పేస్టు గీకి
శెనగ్గింజంత కొత్తది పెట్టిన.
టేబుల్ ఫ్యాను దానికిచ్చి మేం చెమటలు కక్కినం.
సీటీసీల ముజఫర్ పవర్ సప్లయి మార్చిండు, పదమూడు వందలు.
"ఇగ పడదు అక్కా" అన్నడు.
ఆ ముచ్చట మిషన్‌కు ఎవరూ చెప్పలే.

"ఎట్ల పడుతుందో చూస్తున్నవు గని,"
నోటుబుక్కు మూసి అన్నడు ఏసుదాసు గారు,
"ఎప్పుడు పడుతుందో రాసినవా?
బండి ఆగితే మేం ముందు టైమ్ రాసేటోళ్ళం,
పానా తర్వాత పట్టేటోళ్ళం."

క్యాలెండర్ ఎనక పెన్సిలుతో రాసిన.
మంగళవారం, సాయంత్రం ఆరూ పది. ఆరూ ఇరవై రెండు. ఆరూ నలభై.
బుధవారం ఏం లేదు.
గురువారం ఆరూ ఐదు, ఆ తర్వాత లెక్క తప్పిన.
శుక్రవారం పొద్దంత పాసింజర్ బండి లెక్క
నెమ్మదిగ, నమ్మకంగ నడిచింది.
ఆయన అద్దాలు పెట్టుకొని గీత ఎంబడి వేలు జరిపిండు.
"దినం తప్పి దినం.
మీకు నల్లా ఎప్పుడొస్తది?"

నల్లా!
పార్సీగుట్టల మా గల్లీకి దినం తప్పి దినం, ఆరింటికి.
పైపు గుర్రుమనంగనే
మీది పోర్షన్ రాజ్యమ్మ మోటరు, ఎదురింటి మోటరు,
మూలమీద కిరాణం దుకాణం మోటరు,
అన్ని ఒక్కటే దూపతోని గుంజుతయి.
అప్పుడు నా బల్బు ఒక్కపారి కన్ను కొడ్తది.
ఏండ్ల సంది చూస్తున్న, పొద్దు గూకే తీరే అదనుకున్న.
ఆదుకోవాల్సిన యూపీఎస్‌ల బ్యాటరీ సచ్చి రెండేండ్లు,
దాని మీద మనీప్లాంటు సీసా పెట్టింది నేనే.
నెల దినాలు దీని బొక్క బొక్కను అనుమానించిన.
రోగం దీనిది కాదు.
గల్లీ గటగటా నీళ్ళు తాగుతుంటే
దీనికి ఊపిరి అందలే.

వేరే వైరు గుంజుమని రాజ్యమ్మను అడిగిన.
"వచ్చే నెల" అన్నది. ఏ సాలు వచ్చే నెలనో అనలే.
బ్యాటరీ పైసలేమో ముజఫర్ గల్లల ఉన్నయి.
అందుకే నల్లా దినం ఆరుకు ఐదు నిమిషాలుండంగ
నేనే దీన్ని పండవెడ్త.
నేను డ్రమ్ములు నింపుతుంటే
ఏసుదాసు గారు మెట్ల మీద కూసొని బకెట్లు లెక్కవెడ్తడు.

అన్ని దొరికినయి గని, నలభై ఒకటో పేజీల ఒక్క మాట దొరకలే.
తోటి ఫిట్టరు మైకేలు ఆఖరు షిఫ్టు నాడు
గేటు కాడ ఏమన్నడో,
అది నోటుబుక్కుల లేదు. ఆ దినం నోటికొచ్చింది, చెప్పిండు,
నేను కొడుతుండంగనే తెర నల్లబడ్డది.
"మళ్ళోపారి చెప్పుండ్రి" అన్న.
శానాసేపు గోడ దిక్కు చూసిండు.
"మాట యాదికుంది. చెప్పిన తీరు యాదికి లేదు.
ఒక లైను ఖాళీ ఇడువు బిడ్డా."

ఇడిసిన.
దాన్ని గూడ సేవ్ చేసిన.